ఐబ్ దాచండి, హఖ్ దాచొద్దు

మా ఖాలూ పోయిన నలభయ్యో రోజు. చాలీస్వా భోజనాలు అయిపోయాయి. దేగ్చాలు కడిగి బోర్లించారు. మెహమాన్లు ఒక్కొక్కరే సెలవు తీసుకున్నారు. మిగిలింది ఇంటివాళ్ళం. అప్పుడు మా ఖాలా పెద్ద కొడుకు లోపలి గదిలోంచి రెండు వస్తువులు తెచ్చి చాప మీద పెట్టాడు. ఒకటి ఖాలూ సెల్‌ఫోను. రెండోది పాత డైరీల కట్ట. నల్ల అట్టలు, పైన తాడుతో రెండు ముడులు.

"భాయ్‌జాన్, వీటినేం చేద్దాం?" అని నన్నడిగాడు.

నేను నోరు విప్పేలోపే చిన్నవాడు "లాక్ తీసే దుకాణం నాకు తెలుసు, గంటలో తీసిస్తాడు" అన్నాడు. కూతురికి కోపం వచ్చింది. "అబ్బా బతికున్నప్పుడు ఎవరికీ చూపించలేదు. ఇప్పుడు చూడ్డానికి మనమెవరం? డైరీలు కాల్చేయండి, ఫోను నీళ్ళలో పడేయండి" అంది. ఖాలా మాత్రం ఒక్క మాట అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ తాడు ముడుల వైపే చూస్తూ కూర్చుంది.

రాసేవాడిని కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ళ ఉమ్మీద్. నాకేమీ తోచలేదు. "రెండు రోజులు ఆగండి" అని వచ్చేశాను. దారి పొడవునా నాకు గుర్తొస్తూ ఉన్నది మనకు ఏ రిష్తా లేని ఒక ఇంగ్లీషు మనిషి. పేరు కెన్నెత్ టైనన్. ఆయన పోయిన ఇరవై ఒక్క ఏళ్ళకి, 2001లో ఆయన డైరీలు పుస్తకంగా వచ్చాయి. నాటకాల మీద రాసే జాన్ లార్ వాటిని ఎడిట్ చేశాడు. ఆ పుస్తకం బయటికి రాగానే అక్కడి అఖ్బార్లన్నీ ఏ పేజీల మీద పడ్డాయో తెలిస్తే, మా చెల్లెలు "కాల్చేయండి" అన్నది ఎందుకో మీకు అర్థమవుతుంది. కానీ కాల్చేస్తే ఏం పోయేదో కూడా ఆ పుస్తకంలోనే ఉంది. అందుకే ఆ మనిషి కిస్సా మీకు చెప్పాలనిపించింది.

టైనన్ నాటక విమర్శకుడు. మన దగ్గర సినిమా విడుదలైన రోజు "బాగుందా, బాగోలేదా" అని అడుగుతాం చూడండి, లండన్‌లో నాటకానికి అలా అడిగేవారు. జవాబు చెప్పే వాళ్ళలో 1954 నుంచి దాదాపు పదేళ్ళు అందరికంటే గట్టి గొంతు ఇతనిదే. అబ్జర్వర్ అనే ఆదివారం పత్రికలో రాసేవాడు. 1956లో జాన్ ఆస్బోర్న్ అనే కుర్రాడి 'లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' నాటకం వచ్చింది. చాలామంది పెద్దలు మొహం చిట్లించారు. టైనన్ దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. ఇంగ్లీషు నాటకం దారి మారిన రోజుల కథ ఎవరు చెప్పినా ఆ సమీక్ష ప్రస్తావన రాక తప్పదు. 1963లో లారెన్స్ ఒలీవియే నేషనల్ థియేటర్ మొదలుపెట్టినప్పుడు ఏ నాటకాలు ఆడాలో సలహా చెప్పే కొలువు టైనన్‌కి దొరికింది. పదేళ్ళు చేశాడు.

మనిషి ఎలాంటి వాడంటారా? షోకీన్. అసలు సిసలు షోకీన్. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. అప్పుడు ఇంగ్లండ్‌లో బట్టలకు కూడా రేషను. మిగతా కుర్రాళ్ళు వెలిసిపోయిన కోట్లతో తిరుగుతుంటే ఇతను ఊదారంగు సూటు, బంగారు రంగు సాటిన్ చొక్కా వేసుకుని బజార్లో నడిచేవాడు. మాట్లాడితే నత్తి. ఆ నత్తి మీద నుంచి లోకం కళ్ళు తప్పించడానికే అంత తళుకు కావాల్సి వచ్చిందేమో అని నాకనిపిస్తుంది. 1965లో బీబీసీ టెలివిజన్‌లో లైవ్‌గా మాట్లాడుతూ ఇంట్లో ఎవరూ పలకని ఒక బూతు మాట పలికాడు. పార్లమెంటు దాకా గొడవ పోయింది. 1969లో న్యూయార్క్‌లో 'ఓ! కలకత్తా!' అని ఒక తమాషా కట్టించాడు. పేరు చూసి మోసపోకండి, మన కలకత్తాకీ దానికీ ఏ సంబంధం లేదు. నటీనటులు బట్టల్లేకుండా స్టేజీ మీదకి వచ్చే తమాషా అది. ఏళ్ళ తరబడి ఆడింది. టైనన్ రాసిన మంచి వాక్యాలు వందలుంటే లోకానికి గుర్తున్నది ఆ బూతు మాటా, ఈ తమాషా.

ఇక డైరీలు. జీవితంలో చివరి పదేళ్ళ రాత అది. పేరు మసకబారుతోంది. నేషనల్ థియేటర్ కొలువు పోయింది. రాద్దామనుకున్న పుస్తకాలు రాయలేకపోతున్నాడు. విల్‌హెల్మ్ రైక్ అనే మనోవైద్యుడి మీద పుస్తకం రాయాలని ఏళ్ళు గడిపాడు, అది పూర్తి కానేలేదు. ఊపిరితిత్తులు పాడయ్యే ఎంఫిసీమా జబ్బు పట్టుకుంది. అయినా సిగరెట్టు వదలలేదు. 1976లో కుటుంబంతో కాలిఫోర్నియాకి మారాడు. 1980 జూలైలో అక్కడే పోయాడు. వయసు 53.

ఈ డైరీల్లో పెద్ద పెద్ద వాళ్ళతో దావత్‌లున్నాయి, లతీఫాలున్నాయి, కలలున్నాయి, అప్పులున్నాయి. వాటితోపాటు పెళ్ళాం ఉండగా మరో ఆడమనిషితో నడిపిన తాల్లుఖ్, అందులోని వింత కోరికలు అన్నీ పూసగుచ్చినట్టు ఉన్నాయి. ఇక్కడ ఇంతకంటే చెప్పను. ఇది మీ ఇళ్ళలో అందరూ చదివే పేజీ. అఖ్బార్లకి మాత్రం అవే దొరికాయి. మిగతా పేజీలన్నీ మాసాలా దోసె చుట్టిన కాగితం అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ టైనన్ పుట్టుకలోనే ఒక తాళం వేసిన సందూఖ్ ఉంది.

అతని పూర్తి పేరు కెన్నెత్ పీకాక్ టైనన్. పీకాక్ అంటే మోర్, నెమలి. అంత రంగుల మనిషికి ఆ పేరు భలే కుదిరిందే అనుకుంటాం. కానీ అది ముద్దుపేరు కాదు. బర్మింగ్‌హామ్‌లో తన ఇంట్లో ఉండే నాన్న పేరు పీటర్ టైనన్ అనే అతను నమ్ముతూ పెరిగాడు. ఆ పీటర్ టైనన్ అసలు పేరు సర్ పీటర్ పీకాక్. వారింగ్టన్ ఊరికి ఆరుసార్లు మేయర్‌గా చేసిన పెద్దమనిషి. అక్కడ ఆయనకి భార్య, పిల్లలు, ఇజ్జత్, హోదా అన్నీ ఉన్నాయి. ఇరవై ఏళ్ళకు పైగా రెండు ఊళ్ళ మధ్య, రెండు పేర్లతో రెండు జిందగీలు నడిపాడు. టైనన్ అన్నది కెన్నెత్ తల్లి రోజ్ ఇంటిపేరు. తండ్రి ఇంటిపేరు కొడుకు పేరు మధ్యలో నక్కి కూర్చుంది, కొడుక్కే తెలియకుండా.

1948లో ఆ తండ్రి పోయాడు. కొడుకు వయసు అప్పుడు 21. ఆ మయ్యత్ దగ్గరే నిజం బయటపడింది. వారింగ్టన్ కుటుంబం శవాన్ని అడిగింది. రోజ్ ఇవ్వక తప్పలేదు. ఇన్నేళ్ళు అన్నం వండిపెట్టిన మనిషిని సాగనంపే హక్కు కూడా ఆమెకి లేకపోయింది. కొడుక్కి ఒక్క పూటలో తండ్రి పోయాడు, తండ్రి పేరూ పోయింది, అమ్మ ఇన్నేళ్ళూ తనకి చెప్పిన మాట మీద భరోసా కూడా పోయింది.

మన మొహల్లాల్లో ఇలాంటి ఇళ్ళు మీరు చూళ్ళేదా? నేను చూశాను. జనాజా లేచే వేళకి గుమ్మం ముందు ఇద్దరు పిల్లల్ని పట్టుకుని ఎవరో ఒక ఆడమనిషి నిలబడుతుంది. లోపల కలకలం మొదలవుతుంది. "ఇప్పుడా చెప్పడం" అని అందరూ ఆమెనే తిడతారు. చెప్పాల్సిన మనిషి కఫన్‌లో నిశ్చింతగా ఉంటాడు.

ఆ మేయర్ సాహెబ్ చేసిన పనిని ఏమనాలి? "ఇంటి పరువు కాపాడాడు, పర్దా వేశాడు" అనేవాళ్ళుంటారు. నేననను. ఐబ్ దాచడం వేరు, హఖ్ దాచడం వేరు. ఒకరి మచ్చ మీద గుడ్డ కప్పితే అది పర్దా. ఒకరికి చెందాల్సినదాన్ని గుడ్డ కింద దాచేస్తే అది దగా. తండ్రి ఎవరో తెలియడం కొడుకు హఖ్. తానెవరి ఇంట్లో ఏ హైసియత్‌లో ఉందో లోకానికి చెప్పుకోగలగడం ఆ తల్లి హఖ్. వారింగ్టన్‌లో ఉన్న భార్యకీ ఒక హఖ్ ఉంది. మేయర్ దాచింది తన ఐబ్ ఒక్కటే కాదు, ముగ్గురి హఖ్‌లు.

మరి సరైన పర్దా ఎలా ఉంటుందో చూడాలంటే ఇదే టైనన్ కథలో ఇంకో మనిషి ఉన్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో అతని ఉస్తాద్ సి.ఎస్. లూయిస్. పిల్లల కోసం నార్నియా కథలు రాసిన లూయిస్ ఈయనే. గట్టి క్రైస్తవుడు, సాదా మనిషి. శాగిర్దేమో ఊదారంగు సూటువాడు, దేవుణ్ణి నమ్మనివాడు. అక్కడ పద్ధతి ప్రకారం వారం వారం విద్యార్థి వ్యాసం రాసుకొచ్చి ఉస్తాద్ ముందు పైకి చదవాలి. టైనన్‌కి నత్తి. ఉస్తాద్ ఏం చేశాడో తెలుసా? వ్యాసం ఇటివ్వు అని తీసుకుని తానే పైకి చదివేవాడు. శాగిర్దు రాత వినబడేది, నత్తి వినబడేది కాదు. ఐబ్ దాచడమంటే అది. ఇందులో ఎవరి హఖూ పోలేదు. కుర్రాడి ఇల్మ్‌కి న్యాయం జరిగింది, కుర్రాడికి షరం తప్పింది.

ఇంకో సంగతి. చదువు చివరి రోజుల్లో టైనన్‌కి ఒంట్లో బాగోలేదు, పెళ్ళాడదామనుకున్న అమ్మాయి కాదంది. బతుకు మీదే విసుగొచ్చి, పరీక్షలు వాయిదా వేయమని అడగడానికి లూయిస్ దగ్గరికి వెళ్ళాడు. లూయిస్ సరేనన్నాడు. తర్వాత ఒక పాత ముచ్చట గుర్తుచేశాడు. యుద్ధంలో బర్మింగ్‌హామ్ మీద జర్మన్ల బాంబులు పడుతున్నప్పుడు పారాషూట్‌తో దిగిన ఒక మైను టైనన్ వాళ్ళ ఇంటిని కొద్దిలో తప్పిపోయిందట. ఆ సంగతి ఎప్పుడో కుర్రాడే చెప్పాడు. ఆ రాత్రి గాలి కాస్త అటు కాక ఇటు వీచి ఉంటే నువ్వు లేవు కదా, ఆ తర్వాత గడిచిన ప్రతి గంటా నీకు అదనంగా దొరికిందే కదా, మరి ఫిర్యాదు ఎందుకు అన్నట్టు మాట్లాడాడు. లోపలికి ఏడుపు మొహంతో పోయిన కుర్రాడు బయటికి తేలికపడి వచ్చాడు. ఈ సంగతి టైనన్ జీవితమంతా చెప్పుకున్నాడు.

చివరి ఏళ్ళ డైరీల్లో ఈ ఉస్తాద్ మళ్ళీ మళ్ళీ వస్తాడు. దేవుణ్ణి నమ్మని మనిషి, వింత కోరికల మధ్య మునిగిన మనిషి, ఊపిరి అందక లూయిస్ పుస్తకాలు తీసి చదువుతాడు. మంచితనం ఇంత అందంగా ఉంటుందా అని దాని వైపు చేయి చాస్తాడు. అందుకోలేడు. మర్నాడు మళ్ళీ పాత దారే. తల్లి రోజ్ సంగతి కూడా అతన్ని వదల్లేదు. ఆమెకి మతి చలించి మానసిక ఆసుపత్రిలో ఉండి 1961లో పోయింది. తన పేరుప్రతిష్ఠల పరుగులో అమ్మని పట్టించుకోలేదన్న పశేమానీ అతన్ని లోపల్లోపల తొలిచింది. తండ్రి ఆమె హఖ్ ఎలా దాచాడో చూసి గాయపడిన కొడుకే తన వంతు వచ్చేసరికి ఆమె హఖ్ చెల్లించలేదు. నా దృష్టిలో ఈ డైరీల గుండెకాయ ఇక్కడుంది. జీవితమంతా ఇతరుల నాటకాలకి తీర్పు చెప్పిన మనిషి చివరికి తన బతుకు నాటకాన్ని ముందు వరసలో కూర్చుని చూస్తున్నాడు. తీర్పు కూడా రాస్తున్నాడు. రియాయతీ లేని తీర్పు.

ఇప్పుడు చెప్పండి. ఆ డైరీలు అచ్చు వేయడం సరైనదా, గలతా?

"రచయిత రాసిన ప్రతి కాగితం చరిత్ర సొత్తు" అంటారు కొందరు. నాకు ఆ మాట మింగుడు పడదు. చరిత్ర పేరు చెప్పి పడకగది తలుపు తీసే హఖ్ ఎవరికీ లేదు. టైనన్ సంగతి వేరు, తన ఐబ్‌లని తానే బజారున పెట్టుకున్న మనిషి. ఆ డైరీల వాక్యాలు చూస్తే ఎవరూ చదవరనుకుని రాసిన వాక్యాల్లా ఉండవు. ఎక్కడో ప్రేక్షకులు కూర్చుని ఉన్నారన్న లెక్కతోనే రాశాడనిపిస్తుంది. కాబట్టి అతని వరకు నాకు ఫిర్యాదు లేదు. కానీ డైరీలో ఒక్కడే ఉండడు కదా! రెండో ఆడమనిషి ఉంది. భార్య కేథలీన్ ఉంది. కేథలీన్ స్వయంగా రచయిత్రి, 1987లో భర్త జీవితచరిత్ర తన కలంతో తాను రాసుకుంది, తాను చెప్పదలిచింది చెప్పుకుంది. 1995లో పోయింది. మరో ఆరేళ్ళకి డైరీలు అచ్చయ్యాయి. అందులో తన గురించి భర్త రాసినదానికి జవాబు చెప్పడానికి ఆమె లేదు. నా ఏతరాజ్ అక్కడ. రాసినవాడి ఐబ్ రాసినవాడిష్టం. పక్కవాళ్ళ ఐబ్ మాత్రం అతని కలానికి అమానత్. అమానత్‌ని అంగట్లో పెట్టకూడదు.

అలాగని కాల్చేయాల్సిందనీ అనను. డైరీలు మొదటి భార్య కూతురు ట్రేసీ చేతికి వచ్చాయి. ఆ అమ్మాయి కష్టం ఆలోచించండి. తండ్రీ తల్లీ కొట్టుకుంటుంటే చూస్తూ పెరిగింది. పెద్దయి సినిమాల్లో దుస్తుల డిజైనర్ అయింది. నెమలి కూతురు కదా, పింఛాల విద్య అబ్బింది. 2016లో తన జ్ఞాపకాలు కూడా బట్టల చుట్టూనే అల్లి రాసింది. అలాంటి కూతురికి తండ్రి లోపల ఏం జరిగిందో తెలుసుకునే హఖ్ లేదా? "మా నాన్న ఎందుకలా ఉండేవాడు" అన్నది బిడ్డలు మోసే ప్రశ్నల్లో చాలా బరువైనది. టైనన్ తన తండ్రి దగ్గర ఆ ప్రశ్న అడగలేకపోయాడు. మేయర్ సాహెబ్ ఏ రోజ్‌నామచా వదిలి పోలేదు, శవం ఒక్కటే వదిలి పోయాడు, అదీ దక్కలేదు. టైనన్ తన బిడ్డలకి కనీసం జవాబు వదిలి పోయాడు. చేదు జవాబే. అయినా జవాబు.

కాబట్టి నా రాయ్ ఇది. ఇంట్లో చదవాల్సినవి ఇంట్లో చదవాలి. చదివినదంతా బయట పెట్టక్కర్లేదు. చదివేవాడు కూడా ఏం వెతుకుతున్నాడో తన జమీర్‌ని అడగాలి. టైనన్ డైరీల్లో ఉస్తాద్ కోసం, అమ్మ కోసం పడిన తపన ఉంది, బూతూ ఉంది. వంద మంది చదివితే తొంభై మంది బూతు దగ్గరే ఆగారంటే అది రాసినవాడి తప్పొక్కటే కాదు. ఈరోజు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరి ఆడియోనో, ఎవరి ఫోటోనో "చూసి డిలీట్ చేయండి" అంటూ తిరుగుతున్నప్పుడు మనం ఏ పేజీ దగ్గర ఆగుతున్నామో మనకే తెలుసు.

రెండు రోజుల తర్వాత మా ఖాలా ఇంటికి వెళ్ళాను. నేనన్నది ఇంతే: "ఫోను దుకాణానికి ఇవ్వొద్దు. ముక్కూ మొహం తెలియని వాడి చేతిలో ఇంటి తాళం పెట్టినట్టే అది. డైరీలు కాల్చొద్దు. ఖాలా ఒప్పుకుంటే ఒక్కరే చదవండి. చదివేటప్పుడు ఒక్కటే చూడండి, ఎవరి హఖ్ అయినా ఇందులో ఉండిపోయిందా అని. కర్జ్, అమానత్, ఎవరికైనా ఇచ్చిన వాదా. అవి కాగితం మీద రాసుకోండి. మిగతావి ఏవి కళ్ళబడ్డా నోట్లోంచి రాకూడదు."

ఎవరు చదవాలన్న దగ్గర కాసేపు బహస్ జరిగింది. చివరికి ఖాలా నోరు విప్పింది. "కాల్చమంది కదా, అదే చదవనీ" అంది కూతుర్ని చూపిస్తూ. దాచాలన్న తపన ఉన్నవాళ్ళ చేతికే తాళం ఇవ్వాలని ఆమెకి ఎవరు నేర్పారో! నేను ఇంత రాసినా ఆ మాట నాకు తట్టలేదు.

వారం పట్టింది చెల్లెలికి. బయటికి తెచ్చిన కాగితం మీద మూడు వరసలున్నాయి. ఒకరికి ఇవ్వాల్సిన పాత బాకీ. ఒక దోస్తు దాచమని ఇచ్చిన పొలం కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో. ఒక బేవా ఇంటికి నెల నెలా పంపుతున్న కొంత డబ్బు, రెండు నెలలుగా ఆగిపోయింది. కాల్చేసి ఉంటే ఈ మూడూ బూడిదయ్యేవి. ఆ డబ్బు ఎవరికి, ఎందుకు అని పెద్దోడు అడగబోతే చెల్లెలు "అబ్బా పంపేవాడు, ఇప్పుడు మనం పంపుతాం" అని ఊరుకుంది.

మిగతా పేజీల్లో ఏముందో మా ఎవరికీ తెలియదు. డైరీల కట్ట మళ్ళీ తాడుతో ముడివేసి ఖాలా సందూఖ్‌లోకి వెళ్ళింది. చాప మడుస్తూ ఖాలా కూతుర్ని ఒక్క మాట అడిగింది. "మంచివాడేనా?"

చెల్లెలు "మంచివాడే అమ్మీ" అంది.